అమ్మమ్మల లేసు: డెల్టా ఇళ్లలో పేరు రాయని కళ

గోదావరి డెల్టాలో కొన్ని తరాల ఆడవాళ్ల జీవితం లేసు అల్లికతోనే గడిచింది. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు, భీమవరం చుట్టుపక్కల గ్రామాల్లోనూ, వశిష్ఠ పాయ దాటితే రాజోలు వైపు కోనసీమ ఊళ్లలోనూ ఈ పని అమ్మమ్మ చేతి నుంచి అమ్మకి, అమ్మ చేతి నుంచి కూతురికి వచ్చింది. వంట ముగిశాక, పిల్లలు బడికి వెళ్లాక, అరుగు మీదో వసారాలోనో కూర్చుని అల్లిన ఆ తెల్లటి పూలు ఓడలెక్కి ఐరోపా, అమెరికా ఇళ్ల బల్లల మీదికి, దిండ్ల మీదికి చేరాయి. అల్లినావిడ పేరు మాత్రం వీధి చివర కూడా చాలామందికి తెలియదు. అలాంటి తల్లి కన్నుమూశాక పిల్లలు ఆమె ప్రేమను తలుచుకుంటారు, చేతివంటను తలుచుకుంటారు. ఆమె ఒక కళాకారిణి అన్న మాట సాధారణంగా ఎవరి నోటా రాదు. ఆమె జీవితం పూర్తిగా అర్థం కావాలంటే ఆ పని ఎక్కడ మొదలైందో, ఎలా సాగిందో, ఎవరికి ఏం మిగిల్చిందో తెలియాలి.

రేవు పట్నంలో కొత్త పని

నరసాపురానికి బట్టల వ్యాపారం కొత్త కాదు. 17వ శతాబ్దంలోనే పాలకొల్లులో డచ్చివారు, నరసాపురం పక్కన మాధవాయపాలెంలో ఇంగ్లీషువారు వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. ఇక్కడి నేత బట్ట ఎంతగా పేరు తెచ్చుకుందంటే, మాధవాయపాలెం పేరే కాస్త మారి ‘మడపొల్లం’ అని ఒక రకం నూలు బట్టకు పేరుగా పాశ్చాత్య దేశాల్లో స్థిరపడింది. 19వ శతాబ్దం వచ్చేసరికి ఇంగ్లండు మిల్లు బట్ట ధాటికి ఆ వ్యాపారం చితికిపోయింది. 1832–33 నాటి కరువు కోస్తా జిల్లాలను కుదిపేసింది. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయ్యేదాకా డెల్టా సాగు వానల దయ మీదే ఆధారపడింది.

ఆ రోజుల్లోనే క్రైస్తవ మిషనరీలు ఇక్కడికి వచ్చారు. విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషువారు కుటుంబాలతో 1836లో భారతదేశం చేరి, నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో పని మొదలుపెట్టారు. దానికే తర్వాత గోదావరి డెల్టా మిషన్ అని పేరొచ్చింది. లేసు అల్లికను 1844 ప్రాంతంలో స్కాట్లండు నుంచి వచ్చిన మెక్రే దంపతులు నేర్పారని ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. మొదట నేర్చుకున్నది కొత్తగా క్రైస్తవం పుచ్చుకున్న పేద కుటుంబాల ఆడవాళ్లు. అల్లినదాన్ని మిషనరీలు తమ దేశంలోని తెలిసినవాళ్లకి పంపి, వచ్చిన డబ్బును ఆ కుటుంబాలకు ఇచ్చేవారు.

ఇంచుమించు అదే సమయంలో ఐర్లండులో ఇలాంటిదే జరిగింది. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి మహా క్షామం వచ్చినప్పుడు, అక్కడి కాన్వెంటుల్లోని సన్యాసినులు పేద ఆడపిల్లలకు క్రోషే అల్లిక నేర్పి పూట గడిచే దారి చూపారు. ఖరీదైన ఐరోపా లేసును తక్కువ పెట్టుబడితో, ఒక్క కొక్కెం సూదితో అనుకరించవచ్చని తేలడమే దీనికి కారణం. మగ్గం అక్కర్లేదు, ప్రత్యేకమైన గది అక్కర్లేదు, దారం ఖరీదు తప్ప వేరే ఖర్చు లేదు. గోదావరి డెల్టాలోనూ ఈ సౌలభ్యమే లేసును నిలబెట్టింది. 1899 నాటి కరువును, 1929 తర్వాత ప్రపంచాన్ని చుట్టుముట్టిన ఆర్థిక మాంద్యాన్ని ఈ పని తట్టుకుని నిలిచింది.

ఆనకట్ట నీళ్లొచ్చి వరి పండడం మొదలయ్యాక డెల్టా రైతు కుటుంబాల స్థితి మారింది. కాస్త కలిగిన ఇళ్లలో ఆడవాళ్లు పొలం పనికి వెళ్లకపోవడం గౌరవానికి గుర్తయింది. కొన్ని కుటుంబాల్లో ఘోషా కూడా ఉండేది. గడప దాటకుండా నాలుగు డబ్బులు తెచ్చే పని కావడంతో లేసు క్రైస్తవ కుటుంబాలను దాటి కాపు మొదలైన ఇతర కులాల ఇళ్లలోకీ ప్రవేశించింది. ఎగుమతి వ్యాపారం మిషనరీల చేతుల్లోంచి స్థానిక వర్తకుల చేతుల్లోకి వచ్చింది.

ఒక జీవితం, ఒక సూది

లేసు ఇళ్లలో ఆడపిల్ల చదువు రెండు చోట్ల సాగేది: కొంత బడిలో, కొంత అమ్మ పక్కన. ఏడెనిమిదేళ్ల వయసుకే సూది పట్టించేవారు. ముందు గొలుసు. దారాన్ని ఎడమచేతి చూపుడు వేలికి చుట్టుకుని, కుడిచేతి సూది కొక్కేనికి తగిలించి, ఒక ఉచ్చులోంచి మరో ఉచ్చును లాగుతూ పోతే గొలుసు వస్తుంది. ఆ గొలుసును వలయంగా కలిపి, దాని చుట్టూ నిలువు కుట్లు వేస్తే పువ్వు. ఉచ్చులన్నీ ఒకే బిగువున ఉండాలి. ఒకటి వదులైతే పువ్వు ఒరుగుతుంది, ఒకటి బిగుసుకుంటే అంచు ముడుచుకుంటుంది. తప్పు వచ్చిన చోటికి ఊడదీసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. ఈ చదువుకు పుస్తకం లేదు. అమ్మ వేలు చూడడం, అలాగే చేయడం, అంతే.

పెళ్లయ్యాక అత్తగారింట్లోనూ ఈ పని ఆగదు. అక్కడ అత్తగారికి వచ్చిన నమూనాలు కోడలికి, కోడలు పుట్టింటి నుంచి తెచ్చినవి ఆ ఇంటికి వచ్చేవి. ఇలా ఊళ్ల మధ్య సంబంధాలతో పాటు పువ్వులు, అంచులు, అల్లే తీరులు కూడా ప్రయాణించాయి. ఒక పెద్ద దుప్పటికో బల్లగుడ్డకో కావలసిన వందలాది పువ్వులను చాలామంది విడివిడిగా అల్లుతారు. వాటిని ఒకటిగా కలిపే అతుకుపని మరికొందరిది. అతుకు కనిపించకుండా కలపడం మరో విద్య. మామూలు చేతిపనితో మొదలుపెట్టినవాళ్లు అనుభవం మీద అతుకుపనికి వెళ్లేవారు.

వర్తకుల ఏజెంటు వారానికోసారి వచ్చి దారం ఇచ్చి, నమూనా చూపించి, అయిన పని పట్టుకెళ్లేవాడు. రోజుకూలి కాదు, ముక్కల లెక్క. నమూనా ఎగుమతిదారుదే అయినా, దాన్ని కాగితం మీద గీసిచ్చేవారు తక్కువ. ఒక పాత ముక్కను చేతిలో పెట్టి ‘ఇలాంటిది కావాలి’ అంటే, దాన్ని తిరగేసి, కుట్లు లెక్కపెట్టి, ఎక్కడ మొదలైందో కనిపెట్టి మళ్లీ అల్లడం ఆ ఇల్లాలి తెలివి. రేకు ఒకటి పెంచడం, అంచుకు కొత్త తీరు పెట్టడం లాంటి చిన్న మార్పులు చాలా ఆమె చేతుల్లోనే పుట్టాయి. అవి నచ్చితే మరుసటి నెల ఊరంతా అవే అల్లేది. మొదట ఎవరు అల్లారన్నది ఎక్కడా నమోదు కాలేదు.

వయసు మీద పడేకొద్దీ ఈ పని శరీరం మీద గుర్తులు వదులుతుంది. గంటల తరబడి తెల్లటి సన్నదారం మీదే చూపు నిలపడంతో కళ్లు త్వరగా అలసిపోతాయి. తల వంచి కూర్చోవడం వల్ల మెడ, నడుము నొప్పి పెడతాయి. చూపు తగ్గిన అమ్మమ్మ లావు దారంతో అల్లుతుంది, మనవరాళ్లకు మొదటి గొలుసు నేర్పుతుంది, కోడళ్లు అల్లినదాన్ని వేళ్లతో తడిమి తప్పు చెబుతుంది. అమ్మకానికి కాక ఇంటికోసం అల్లే సమయం చాలామందికి ఆ వయసులోనే దొరుకుతుంది. మనవడి ఊయలకు అంచు, మనవరాలి గౌనుకు మెడపట్టీ, దేవుడి పీట మీద గుడ్డ అలా పుట్టినవే. కుటుంబాల్లో నేటికీ మిగిలిన లేసు ముక్కల్లో ఇలాంటివే ఎక్కువ. అమ్మకానికి అల్లినదంతా సముద్రం దాటిపోయింది కదా.

లెక్కల్లో లేని శ్రమ

ఈ ఆడవాళ్ల గురించి ప్రపంచానికి తెలియజెప్పిన పుస్తకం జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ రాసిన ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’. 1970ల చివర్లో ఆమె ఈ ప్రాంతానికి వచ్చి పరిశోధన చేశారు. పుస్తకం 1982లో వెలువడింది. ప్రపంచంలో చాలా విశ్వవిద్యాలయాల్లో స్త్రీల శ్రమ గురించి చదివే విద్యార్థులకు నరసాపురం పేరు ఈ పుస్తకం ద్వారానే తెలుసు.

మీస్ చెప్పిన ముఖ్యమైన సంగతి సూటిగా ఉంటుంది. ఇంటిపని అంతా చేసుకుంటూ రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే స్త్రీని అటు వర్తకులు, ఇటు ఇంట్లో మగవాళ్లు, చివరికి ఆమె కూడా ‘గృహిణి’ అనే అనుకునేవారు. లేసు పనికి ‘తీరిక వేళ కాలక్షేపం’ అని పేరు పెట్టడంతో దానికి తగిన కూలి ఇవ్వాలన్న ఆలోచనే రాలేదు. ఆమె సంపాదన వ్యవసాయ కూలికి వెళ్లే స్త్రీ సంపాదన కంటే బాగా తక్కువని మీస్ తేల్చారు. ఎగుమతిదారులూ ఏజెంట్లూ దాదాపు అంతా మగవాళ్లే. జనాభా లెక్కల్లో ఈ స్త్రీలలో చాలామంది ఏ పనీ చేయనివారి కింద నమోదయ్యారు. విదేశీ మారకద్రవ్యం తెచ్చే పరిశ్రమ ఉంది, అందులో పనిచేసే మనిషి మాత్రం కాగితం మీద లేదు.

ఈ విశ్లేషణ అమ్మలను, అమ్మమ్మలను స్మరించుకునే తీరుకూ వర్తిస్తుంది. ‘మా అమ్మ ఖాళీగా ఉన్నప్పుడు లేసు అల్లేది’ అని కొడుకులు చెప్పే మాటలో ఆ ఖాళీ ఎంతసేపో ఎవరూ లెక్క వేయరు. పిల్లల బడి జీతాలు, పుస్తకాలు, కూతురి పెళ్లికి ఒకటో రెండో నగలు ఆ ‘ఖాళీ’లోంచే వచ్చిన ఇళ్లు డెల్టాలో ఎన్నో ఉన్నాయి.

రేకుల్లో, పాటల్లో అదే కథ

పేరు లేని సృజన లేసుకే పరిమితం కాదు. ఆత్రేయపురం పూతరేకులు ఆడవాళ్ల చేతిలో నిలబడిన మరో విద్య. నానబెట్టి మెత్తగా రుబ్బిన బియ్యప్పిండిని నీళ్లలో పలుచగా కలిపి, అందులో ముంచిన గుడ్డను బోర్లించిన వేడి కుండ మీద ఒక్కసారి పరిచి లాగితే కాగితం కన్నా పలుచని రేకు లేస్తుంది. మంట ఎంత ఉండాలో, పిండి ఎంత పలుచగా ఉండాలో, గుడ్డ ఏ వేగంతో లాగాలో చేతికే తెలుస్తుంది. ఆ రేకులకు నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం పొడో చల్లి మడతపెడతారు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు దక్కింది.

పాటలదీ ఇదే దారి. పెళ్లిళ్లలో, పేరంటాల్లో, ఊయల దగ్గర ఆడవాళ్లు తరతరాలుగా పాడుకున్న పాటల్లో రామాయణం ఒక ప్రత్యేకమైన రూపం తీసుకుంది. కౌసల్య వేవిళ్లు, సీత పుట్టుక, పద్నాలుగేళ్లు నిద్రపోయిన ఊర్మిళ, తమ్ముడు రాముణ్ని నిలదీసే శాంత వాటిలో ముఖ్యంగా కనిపిస్తాయి. యుద్ధం కన్నా ఇల్లు, రాజ్యం కన్నా పురుడు వాటికి ముఖ్యం. కృష్ణశ్రీ సంకలనం చేసిన ‘స్త్రీల రామాయణపు పాటలు’ 1955లో అచ్చయ్యాయి. 1991లో వెల్చేరు నారాయణరావు ఈ పాటల మీద రాసిన వ్యాసం వాటిని అంతర్జాతీయ పండితుల దృష్టికి తెచ్చింది. గోదావరి జిల్లాల నుంచి జానపద గేయాలు సేకరించిన నేదునూరి గంగాధరం లాంటివారు ఇంకెన్నో పాటలను కాగితం మీదికి ఎక్కించారు. సేకరించినవాళ్ల పేర్లు అట్టల మీద ఉన్నాయి. మొదట కట్టిన అమ్మల పేర్లు చాలావాటికి లేవు.

ఎవరి పేరు మిగిలింది

డెల్టాలో పేరు మిగిలిన స్త్రీలను చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. కందుకూరి రాజ్యలక్ష్మమ్మ 1851లో పుట్టి 1910లో కన్నుమూశారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో భర్త వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు, ఆ తర్వాత వెలి వేటు పడి వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు మొహం చాటేసినప్పుడు, ఇంటిని ఆమే మోశారు. ఆశ్రయం కోరి వచ్చిన వితంతు బాలికలకు తల్లి అయ్యారు. ఇదంతా నేడు తెలుస్తోందంటే, వీరేశలింగం స్వీయచరిత్ర రాసుకోవడం అందుకు పెద్ద కారణం. లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవారందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ 1841లో పుట్టి 1909లో మరణించారు. ఆమె పేరు గన్నవరం అక్విడక్టు మీద నిలిచింది. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే మరణించారు. ఆయన భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారులే. చిత్రాలకు ఒక గ్యాలరీ ఉండడంతో ఆ కుటుంబం పేరు నిలిచింది.

అంటే ఇంట్లో రాసేవారో, ఊళ్లో ఒక కట్టడమో, గోడ మీద ఒక చట్రమో ఉంటే పేరు మిగులుతోంది. లేసుకు ఇవేవీ లేవు. అల్లినావిడ సంతకం చేసే చోటు ఆ పనిలో లేదు.

ఈనాటి లేసు

1990ల తర్వాత యంత్రాల మీద తయారై చవకగా దొరికే లేసు, ముఖ్యంగా చైనా సరుకు, అంతర్జాతీయ మార్కెట్టులో నరసాపురం లేసును దెబ్బతీసింది. ఆడపిల్లలు చదువుకుని వేరే ఉద్యోగాలకు వెళ్లడం మొదలైంది. చేపల చెరువులు, రొయ్యల పరిశ్రమ వేరే రకం కూలిపనులు తెచ్చాయి. తక్కువ కూలికి కళ్లు పోగొట్టుకునే పని కూతురికి వద్దని చాలామంది తల్లులే అనుకున్నారు. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం.

మరోవైపు 2000ల మధ్యలో నరసాపురం పక్కన రుస్తుంబాదలో లేసు పార్కు ఏర్పడింది. స్వయం సహాయక బృందాల ద్వారా శిక్షణ, నేరుగా అమ్మకాలు సాగించే ప్రయత్నాలు జరిగాయి. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పశ్చిమ గోదావరి, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాల్లో అల్లిన లేసే ఆ పేరుతో అమ్ముడుపోవాలన్నది దాని అర్థం. అయితే ఈ గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది కానీ మనిషి పేరును కాదు. ఆ పని కుటుంబాలదే.

ఇంటి చరిత్ర రాసుకునే పద్ధతి

సామాన్య స్త్రీల జ్ఞాపకాలను చరిత్రగా నమోదు చేసే ప్రయత్నాలు తెలుగులో ముందే ఉన్నాయి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల చేత వాళ్ల మాటల్లోనే చెప్పించి స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ వెలువరించింది. 2001లో వచ్చిన ‘మహిళావరణం’ ఎందరో తెలుగు స్త్రీల జీవితాలను ఫొటోలతో సహా ఒకచోట చేర్చింది. చెప్పేవారి మాటను సరిదిద్దకుండా అలాగే ఉంచడం మౌఖిక చరిత్రలో మొదటి నియమం. ఇదే నియమం ఒక ఇంట్లో ఒక అమ్మమ్మ గురించి రాసుకోవడానికీ సరిపోతుంది.

ఆమె ఉండగానే అడిగి ఫోనులో రికార్డు చేయడం అన్నిటికన్నా మేలు. ‘నీ జీవితం గురించి చెప్పు’ అంటే ఏ అమ్మమ్మా మాట్లాడదు. సూది మొదట ఎవరు పట్టించారు, మొదటి కూలి ఎంత, ఆ డబ్బుతో ఏం కొన్నావు, ఏజెంటు ఎవరి సరుకు తిప్పి పంపేవాడు, నీకు నచ్చిన పువ్వు ఏది, దాన్ని ఏమని పిలిచేవారు అని అడిగితే జ్ఞాపకాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. చేతిలో ఒక పాత ముక్క పెట్టి అడిగితే మరీ మంచిది. ఆమె అల్లుతున్నప్పుడు ముఖాన్ని కాక వేళ్లను దగ్గరగా వీడియో తీస్తే, ఆ పద్ధతి తర్వాతివాళ్లు నేర్చుకోవడానికీ పనికొస్తుంది.

ఆమె లేకపోతే తోటివాళ్లను అడగాలి. పక్కింటి పిన్నులు, అక్కచెల్లెళ్లు, ఆమె దగ్గర నేర్చుకున్న ఆడపడుచులు చెప్పే వివరాలు కొడుకులకు, అల్లుళ్లకు తెలియనివి. పాత ఫొటోల వెనక పెన్సిలుతో పేరు, ఊరు, సుమారు సంవత్సరం రాయాలి.

వస్తువుల్నీ కాపాడాలి. డెల్టా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి లేసు ముక్కల్ని ప్లాస్టిక్ సంచుల్లో బిగిస్తే బూజు పట్టి మచ్చలు పడతాయి. ఉతికిన నూలు గుడ్డలో చుట్టి పెట్టాలి. ఒకే మడత మీద ఏళ్లకేళ్లు ఉంచితే దారం అక్కడే తెగుతుంది కనుక పెద్ద ముక్కల్ని మడతపెట్టకుండా చుట్టగా చుట్టడం మంచిది. అప్పుడప్పుడు తీసి నీడలో గాలికి ఆరేయాలి, ఎండలో కాదు. కలరా ఉండలు నేరుగా దారానికి తగలకూడదు. ప్రతి ముక్కతో పాటు ఒక చిన్న గుడ్డపట్టీ మీద అల్లినావిడ పూర్తి పేరు, పుట్టింటి ఊరు, అత్తింటి ఊరు, ఎవరి కోసం ఎప్పుడు అల్లిందో రాసి పెట్టాలి. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని రాసి వదిలేస్తే మళ్లీ పాత కథే.

వర్తకులు, సంస్థలు చేయగలిగినదీ ఉంది. నేడు కొన్ని చోట్ల చేతిపని వస్తువుతో పాటు చేసిన మనిషి పేరు కార్డు ఇస్తున్నారు. నరసాపురం లేసుకూ అది వీలవుతుంది. పేరుతో పాటు తగిన కూలి కూడా ఇస్తేనే ఆ కార్డుకు విలువ.

డెల్టాలో లేసు అల్లిన చివరి పెద్ద తరం ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లలో ఉంది. ఈ వ్యాసం చదువుతున్నవారి ఇంట్లో అలాంటి అమ్మమ్మో, నాయనమ్మో ఉంటే ఈ సెలవుల్లోనే ఆమె పక్కన కూర్చుని అడగండి, రాసుకోండి. ఆమె అల్లిన ప్రతి ముక్క మీదా ముందుగా ఆమె పేరు రాయండి.